వాళ్ళు లేడంటున్నారు

మెన్నో సిమన్స్ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. పదహారో శతాబ్దపు నెదర్లాండ్స్. పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదని, కత్తి పట్టకూడదని, ఒట్టు పెట్టకూడదని బోధిస్తున్నందుకు ఆయన తలకు వెల కట్టారు. ఒకరోజు గుర్రబ్బండిలో ఎటో వెళ్తున్నాడు. లోపల కాదు, బయట బండివాడి పక్కన కూర్చున్నాడు. దారిలో సైనికులు ఆపారు. "లోపల మెన్నో ఉన్నాడా?" అని అడిగారు. ఆయన వంగి లోపలివాళ్ళను అడిగాడు, "మెన్నో లోపలున్నాడా అంటున్నారు." "లేడు" అన్నారు వాళ్ళు. ఆయన సైనికుల వైపు తిరిగి, "వాళ్ళు లేడంటున్నారు" అన్నాడు. బండి కదిలిపోయింది.

ఇది కట్టుకథే కావచ్చు. కానీ ఇలాంటి మాటకి, అంటే ప్రతి అక్షరం నిజమై మొత్తం కలిపితే అబద్ధమయ్యే మాటకి, డచ్ భాషలో 'మెన్నొనైట్ అబద్ధం' అనే అర్థంతో ఒక పదమే ఉంది. మనకైతే వెంటనే ద్రోణపర్వం గుర్తొస్తుంది. హరికథల్లో, సినిమాల్లో "కుంజరః" అనే మాట వినపడకుండా కృష్ణుడు శంఖం ఊదేస్తాడు. తప్పు శంఖం మీదకి పోతుంది, ధర్మరాజు బతికిపోతాడు. వ్యాసుడికి ఆ మొహమాటం లేదు. అక్కడ ధర్మరాజే ఆ మాటను గొణుగుతాడు. అందాకా నేలకి నాలుగంగుళాల పైన నడిచిన రథం కిందకి దిగుతుంది. మెన్నో బండి మొదట్నుంచీ నేలమీదే నడుస్తోంది కాబట్టి దానికేమీ కాలేదు.

నేను ఈ కథ దాకా వచ్చింది వేరే దారిలో. ఎల్‌ఫ్రీడా క్లాసెన్ డిక్ అనే ఒక మెన్నొనైట్ నర్సు గురించి చదువుతూ వచ్చాను. మెన్నొనైట్లంటే ఎవరో తెలియదనుకునేవాళ్ళలో కూడా మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు వాళ్ళుంటే, ఆ మాట వాళ్ళకి వేరే రూపంలో తెలిసే ఉంటుంది. అక్కడి 'ఎంబీ చర్చి'లో ఎం అంటే మెన్నొనైట్, బీ అంటే బ్రెదరన్. ఆ శాఖ మిషనరీలు రష్యా నుంచి, అమెరికా నుంచి నిజాం రాజ్యానికి వచ్చారు. కానీ ఈ వ్యాసం వాళ్ళ గురించి కాదు. అదే మూలంనుంచి ఇంకోవైపుకి చెల్లాచెదురైన కుటుంబాల గురించి.

ఎల్‌ఫ్రీడా 1917లో రష్యాలో పుట్టింది. పుట్టిన సంవత్సరం చూస్తేనే ఆమె బాల్యం ఎలా గడిచి ఉంటుందో తెలుస్తుంది: విప్లవం, అంతర్యుద్ధం, కరువు. ఆమె పూర్వీకులు నెదర్లాండ్స్ నుంచి విస్తులా నది డెల్టాకి, అక్కణ్ణుంచి పద్దెనిమిదో శతాబ్దం చివర్లో కేథరిన్ రాణి పిలుపు మీద రష్యా సామ్రాజ్యానికి వెళ్ళిన రైతుల కోవలోవాళ్ళు. సైన్యంలో చేరక్కర్లేదన్న హామీ మీద వెళ్ళారు. ఇళ్ళలో ఒకరకం పల్లె జర్మన్, చర్చిలో పుస్తకాల జర్మన్. 1925లో ఆమె కుటుంబం కెనడా చేరింది. ఆ దశకంలో సుమారు ఇరవై వేలమంది మెన్నొనైట్లు అలా వెళ్ళారు. చాలామంది దగ్గర టికెట్టు డబ్బుల్లేవు. కెనడియన్ పసిఫిక్ రైల్వే అప్పుగా తీసుకొచ్చింది. ఏ ఆస్తీ హామీగా లేదు, 'వీళ్ళు తీర్చేస్తారు' అన్న నమ్మకం ఒక్కటే. ఆర్థిక మాంద్యం వచ్చింది, పంటలు పోయాయి, కొందరు చనిపోయారు, కొందరు చేతులెత్తేశారు. అయినా సంఘం మొత్తం కలిసి, తాము అప్పు చేయనివాళ్ళు కూడా చందాలేసుకుని, 1946లో ఆ బాకీ తీర్చేసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కోర్టులో ప్రమాణం చేయమంటే చేయరు వీళ్ళు. మామూలుగా ఆడే ప్రతి మాటా ప్రమాణమే అయినప్పుడు, ప్రత్యేకంగా ఒక మాటకి దేవుణ్ణి సాక్ష్యం పిలిస్తే మిగతావి అబద్ధాలని ఒప్పుకున్నట్టే కదా అన్నది వాళ్ళ వాదన. నాకిది చాలా నచ్చే వాదన.

అలాంటి ఇంట్లో పెరిగి, నర్సు చదువు చదివి, 1942లో ఎల్‌ఫ్రీడా మెన్నొనైట్ సెంట్రల్ కమిటీ తరఫున బాంబుల కింద ఉన్న ఇంగ్లండ్‌కి వెళ్ళింది. అక్కడ పీటర్ డిక్ కలిశాడు. అతనూ రష్యాలో పుట్టి కెనడా చేరినవాడే. చిన్నప్పుడు కరువులో ఇదే కమిటీ పంపిన తిండి తిని బతికినవాడు. 1944లో పెళ్ళి చేసుకున్నారు. యుద్ధం అయిపోయాక నెదర్లాండ్స్‌లో సహాయ శిబిరాలు నడిపారు. అక్కడే ఈ ప్రశ్న వాళ్ళ ముందుకొచ్చింది.

1945 వేసవిలో డచ్ సరిహద్దు దగ్గరికి ముప్ఫై ముగ్గురు శరణార్థులు వచ్చి, మేం రష్యానుంచి వచ్చిన మెన్నొనైట్లం, మా మూలాలు ఈ దేశంలోనే ఉన్నాయి అన్నారు. నాలుగు వందల ఏళ్ళ కిందట వెళ్ళిపోయినవాళ్ళు! మన దగ్గర ఎవరైనా బర్మానుంచో మారిషస్‌నుంచో వచ్చి మా ముత్తాత శ్రీకాకుళం అంటే అర్థం చేసుకుంటాం. ఇది విజయనగరం పతనానికి ముందు నాటి లెక్క. పీటర్ వాళ్ళ తరఫున తిరిగాడు, డచ్ ప్రభుత్వం ఒప్పుకుంది, 'మెన్నో పాస్' అనే కాగితం పుట్టింది. సోవియట్లు అభ్యంతరం పెట్టి తలుపు మూయించేలోపు నాలుగు వందలమందికి పైగా లోపలికి రాగలిగారు.

సోవియట్లకెందుకు అభ్యంతరం అంటే, యాల్టా ఒప్పందం ప్రకారం తమ పౌరులందర్నీ తమకి అప్పగించాలి. అప్పగించడమంటే సైబీరియా, కజకిస్తాన్, కార్మిక శిబిరాలు. జర్మనీ చేరిన మెన్నొనైట్లలో అధిక భాగం అలా వెనక్కి పంపబడ్డారు. మిగిలినవాళ్ళలో పెద్దవాళ్ళంటే ఎక్కువగా ఆడవాళ్ళే. మగవాళ్ళని 1937-38 అరెస్టుల్లో కొందర్ని, 1941లో జర్మన్లు వచ్చేముందు కొందర్ని సోవియట్ ప్రభుత్వం తీసుకుపోయింది. మిగిలినవాళ్ళని జర్మన్ సైన్యం తీసుకుంది. మార్లీన్ ఎప్ అనే చరిత్రకారిణి ఈ ఆడవాళ్ళ మీద రాసిన పుస్తకం పేరే 'విమెన్ వితౌట్ మెన్'.

ఇప్పుడు ఆ బల్ల ముందు ఒక తల్లిని ఊహించుకోండి. ముగ్గురు పిల్లలు. ఎదురుగా ఒక అధికారి, ఒక ఫారం. నా ఉద్యోగంలో సగం ఫారాలు తయారుచేయడమే కాబట్టి ఆ కాగితం నాకు బాగా కనబడుతుంది. 'జాతీయత' అనే గడి తప్పనిసరి, ఒక్కటే ఎంచుకోవాలి. ఆమె 'సోవియట్' అంటే రైలెక్కించి వెనక్కి పంపుతారు. పుట్టింది అక్కడే కాబట్టి అది నిజం. 'జర్మన్' అంటే అంతర్జాతీయ శరణార్థి సంస్థ సాయం ఉండదు, జర్మన్ జాతివాళ్ళు దాని పరిధిలోకి రారు. 1943-44లో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యంతో పాటే వచ్చి, పోలండ్ ఆక్రమిత ప్రాంతంలో జర్మన్ పౌరసత్వం తీసుకుంది కాబట్టి అదీ నిజం. 'డచ్' అంటే పిల్లలు బతుకుతారు. నాలుగు శతాబ్దాల వెనక్కి వెళ్తే అదీ ఒకలాంటి నిజమే. ఏదీ కాకుండా 'మెన్నొనైట్' అంటే అధికారి పెన్ను ఆగిపోతుంది, అలాంటి దేశం లేదు.

ఇలాంటి చోట అబద్ధమాడొచ్చా అని అడగడమే నాకు సిగ్గనిపిస్తుంది. హంతకుడు తలుపు తట్టి నీ స్నేహితుడు లోపలున్నాడా అంటే కూడా నిజమే చెప్పాలి అని కాంట్ 1797లో రాశాడు. కౌశికుడు సరిగ్గా అదే చేశాడు. దొంగలు అడిగితే పారిపోయినవాళ్ళు ఏ పొదలో దాక్కున్నారో చూపించాడు. వాళ్ళు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. కర్ణపర్వంలో అర్జునుడికి ఈ కథ చెప్పింది కృష్ణుడు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి ఇచ్చిన జాబితా కూడా మనకి తెలుసు: ప్రాణం మీదకొచ్చినప్పుడు బొంకితే పాపం లేదు. ఆ జాబితాలో ఆయన ఇంకా చాలా కలిపేశాడు, అదంతా నేను ఒప్పుకోను. ప్రాణం వరకూ నాకు సందేహం లేదు. ఆ తల్లి 'డచ్' అంది. సరిగ్గా చెప్పింది.

నా ఇబ్బంది ఇంకో దగ్గర మొదలవుతుంది. ఆమె పూర్తి అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

విచిత్రంగా ఉంటుందని తెలుసు, కాస్త ఆగండి. మన ఐటీ లోకంలో 'ఫేక్ పెట్టడం' అనే మాట ఉంది. లేని కంపెనీలో మూడేళ్ళు పనిచేశానని రెజ్యూమెలో పెట్టిన మనిషికి ఆ మూడేళ్ళు లేవని చివరిదాకా గుర్తుంటుంది. పార్టీలో నవ్వుకుంటూ చెప్తాడు, పదేళ్ళయినా ఎవరైనా తవ్వుతారేమోనని భయపడతాడు. ఇంకొకడు ఉంటాడు, ప్రాజెక్టులో ఎక్కడో మూల ఉండి 'నేనే నడిపించాను' అని రాసుకుంటాడు. ఆ ప్రాజెక్టు నిజం, అతను అందులో ఉన్నది నిజం. అయిదేళ్ళు పోయాక అతనితో మాట్లాడితే నిజంగా తనే నడిపించాననుకుంటాడు. ఉద్యోగం కోసం ఆడేదాన్నీ ప్రాణం కోసం ఆడేదాన్నీ ఒకే తక్కెట్లో వేయడం లేదు. అబద్ధం ఎలా పనిచేస్తుందన్నది మాత్రమే చూస్తున్నాను. పూర్తి అబద్ధానికి తను అబద్ధమన్న జ్ఞాపకం ఉంటుంది. సగం నిజానికి ఉండదు. అది ఆడినవాణ్ణే ముందు నమ్మిస్తుంది.

ఒట్టు పెట్టని మనుషులకి సగం నిజమంటే ఎక్కువ మక్కువ ఉండటం సహజమే. నోటివెంట అబద్ధం రాకూడదు, బండి మాత్రం ముందుకి కదలాలి. 'వాళ్ళు లేడంటున్నారు' అనడం వల్ల మెన్నోకి ఆ రాత్రి పశ్చాత్తాపపడాల్సిన అవసరం లేకుండా పోయింది. దాని సౌకర్యం అంతా అందులోనే ఉంది. పూర్తిగా అబద్ధమాడి ఉంటే ఆ రాత్రి ప్రభువు ముందు మోకరించి ఏడ్చేవాడు, మర్నాడు శిష్యులకి చెప్పుకునేవాడు. అది అబద్ధమని శిష్యులకీ గుర్తుండేది.

శరణార్థుల విషయంలో ఏమైందో చూడండి. ఆక్రమణ కాలంలో నాజీ వలస కార్యాలయం ఒక్కో కుటుంబానికీ ఫైలు తెరిచింది. వంశవృక్షం, వైద్య పరీక్ష, జాతి అంచనా, సంతకం. ఫ్రీసెన్, డిక్, క్లాసెన్ లాంటి ఇంటిపేర్లు ఆ ఫైళ్ళలో జర్మన్ రక్తానికి రుజువులు. రెండేళ్ళు తిరక్కుండా అవే ఇంటిపేర్లు డచ్ మూలాలకి రుజువులయ్యాయి. మెన్నొనైట్ కమిటీ తరఫున శరణార్థుల వ్యవహారం చూసిన ముఖ్యుడు సి. ఎఫ్. క్లాసెన్, ఎల్‌ఫ్రీడా అన్నగారే. ఈ కుటుంబం మొత్తం ఒకే పనిలో దిగింది, అలుపు లేకుండా చేసింది, వేలమందిని బతికించింది. కమిటీ అధికారుల దగ్గర చేసిన వాదన ఇది: వీళ్ళు డచ్ మూలాలవాళ్ళు, స్టాలిన్ బాధితులు, జర్మన్ పౌరసత్వం వీళ్ళు కోరి తెచ్చుకున్నది కాదు. మొదటి రెండూ నిజాలు. మూడోది కొందరి విషయంలో నిజం.

ఆ 'కొందరి' దగ్గరే అసలు బరువంతా ఉంది. 1941లో జర్మన్ సైన్యం ఉక్రెయిన్‌లోకి వచ్చినప్పుడు మెన్నొనైట్ గ్రామాలు దాన్ని విముక్తిగా చూశాయి. స్టాలిన్ కాలం గడిపినవాళ్ళు అలా అనుకోవడం అర్థం చేసుకోలేనిదేమీ కాదు. మూసేసిన చర్చీలు తెరుచుకున్నాయి. అదే సమయంలో, డ్నీపర్ అవతలి ఒడ్డున జపోరిఝ్యాలో యూదుల్ని కాల్చి చంపారు. నాజీ సంస్థలు చనిపోయినవాళ్ళ బట్టలు జర్మన్ మూలాలవాళ్ళకి పంచిపెట్టాయి. మెన్నొనైట్ యువకులు కొందరు పోలీసు దళాల్లో, ఆశ్విక దళాల్లో చేరారు. 1942లో హిమ్లర్ స్వయంగా మొలొచ్నా గ్రామాలకి వచ్చాడు, ఆడపిల్లలు పూలతో స్వాగతం చెప్పినా చెప్పకపోయినా ఆయన సంతోషంగానే వెళ్ళి ఉంటాడు. కత్తి పట్టనందుకు నాలుగు శతాబ్దాలుగా దేశాలు మారిన జనం వీళ్ళు.

'మేం డచ్ వాళ్ళం' అన్న ఒక్క వాక్యంలో ఇదంతా మునిగిపోయింది. అధికారి ముందు మునిగిపోవడం నాకభ్యంతరం కాదు. అధికారికి ఆ తల్లి నిజం బాకీ లేదు. తప్పు ప్రశ్న వేసి, తప్పు జవాబుకి పిల్లల్ని చంపే కాగితం పట్టుకున్నవాడికి ఎవరూ ఏమీ బాకీ ఉండరు. కానీ ఆ వాక్యం బల్ల దగ్గర ఆగలేదు. ఓడెక్కింది, సముద్రం దాటింది, కొత్త ఇంట్లో భోజనాల దగ్గర కూర్చుంది. మేం డచ్ మూలాలవాళ్ళం, శాంతికాముకులం, స్టాలిన్ మమ్మల్ని బాధపెట్టాడు, దేవుడు మమ్మల్ని దాటించాడు. పిల్లలు విన్నారు, వాళ్ళ పిల్లలు విన్నారు. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు, అందుకే ఎవరూ సరిదిద్దుకోవాల్సిన అవసరం రాలేదు. యుద్ధం ముగిసిన డెబ్భై ఏళ్ళకి బెంజమిన్ గూసెన్ లాంటి చరిత్రకారులు పాత ఫైళ్ళు తెరిచాక మెన్నొనైట్ పత్రికల్లో గొడవ మొదలైంది. 2018లో కాన్సస్‌లోని బెథెల్ కాలేజీలో 'మెన్నొనైట్లు, హోలోకాస్ట్' అనే అంశం మీదే ఒక సదస్సు జరిగింది. మైక్రోఫిల్ములో అమ్మమ్మ సంతకం చూసుకునే మనవరాలికి అది అబద్ధం బయటపడటం కాదు. అలాగైతే సులువుగా ఉండేది. ఆమెకి ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఇక్కడ నాకు నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. మగ చరిత్రకారులు, మగ వ్యాసకర్తలు కుర్చీలో కూర్చుని 'నిజం చెప్పాల్సింది' అనడం తేలిక. ఆ ఆడవాళ్ళు దాచింది యూదుల సంగతొకటే కాదు. ఎర్ర సైన్యం చేతుల్లో తమకి జరిగింది కూడా దాచారు. అలాంటివి చెప్పాల్సొస్తే 'పక్కింటావిడకి' అని చెప్పుకునేవాళ్ళు. కెనడా చేరాక సంఘం పెద్దలు వాళ్ళని ఇంకో ప్రశ్న అడిగారు: నీ భర్త చనిపోయాడని నీకు ఖాయంగా తెలుసా? తెలియకపోతే మళ్ళీ పెళ్ళెలా చేసుకుంటావు? ఇదీ ఒక ఫారమే, ఇందులోనూ అవును, కాదు తప్ప మూడో గడి లేదు. స్టాలిన్ పోయాక ఉత్తరాలు రావడం మొదలై, చనిపోయాడనుకున్న భర్తల్లో కొందరు బతికే ఉన్నారని తెలిసింది. అలాంటి ఇంట్లో నోరు మూసుకోవడం ఒక్కోసారి పిల్లలకి పెట్టే అన్నం లాంటిది. మౌనంగా ఉన్నందుకు ఆ తల్లుల్ని నేను తప్పుపట్టలేను.

మౌనం వేరు, మౌనం మీద కట్టిన మండపం వేరు అనిపిస్తుంది నాకు. తల్లి 'నాకు తెలీదమ్మా, ఆ రోజులు అడక్కు' అంటే పిల్లకి అక్కడేదో ఉందని తెలుస్తుంది. పెద్దయ్యాక వెతుక్కుంటుంది. సంఘం లేచి 'మనం ఎప్పుడూ చేతులకి నెత్తురంటనివాళ్ళం' అని పుస్తకాలు వేస్తే వెతకాల్సిన చోటే కనబడదు. ఆ పని చేసింది ఆడవాళ్ళు కాదు. శిబిరాల్లో పిల్లలకి పేలు చూస్తూ, జ్వరాలు చూస్తూ తిరిగిన ఎల్‌ఫ్రీడాలు అసలే కాదు. నేను చదివినంతలో ఎల్‌ఫ్రీడా ఏ అధికారి దగ్గరా ఏ వాదనా గెలవాలని ఉబలాటపడిన మనిషిలా కనబడదు. భార్యాభర్తలు 1991లో కలిసి వేసిన 'అప్ ఫ్రమ్ ద రబుల్' అనే జ్ఞాపకాల పుస్తకంలో పీటర్ కథ చెప్పడంలో మొనగాడు. బెర్లిన్ అమెరికన్ సెక్టార్లో ఇరుక్కున్న వెయ్యిమందికి పైగా శరణార్థుల్ని సోవియట్ ప్రాంతం మీదుగా రైల్లో దాటించిన ఘట్టం ఎర్ర సముద్రం చీలినట్టే ఉంటుంది. ఎల్‌ఫ్రీడా చెప్పే చోట్ల బకెట్లు ఎన్ని, పాలపొడి ఎంత, గర్భిణులు ఎక్కడ పడుకోవాలి. నాకు ఆ పేజీల మీదే నమ్మకం ఎక్కువ. ఎక్కడివాళ్ళో తేలని మనుషులకి కూడా పాలపొడి లెక్క తేలుతుంది.

ఆ రైలు బ్రేమర్‌హాఫెన్ చేరింది. అక్కడ ఎదురుచూస్తున్న ఓడ డచ్ వాళ్ళది, పేరు వోలెండాం. నెదర్లాండ్స్‌లో జాలర్ల ఊరు ఒకటుంది, దాని పేరు. 1947 ఫిబ్రవరి 1న 2,303 మందితో దక్షిణ అమెరికాకి బయల్దేరింది. వాళ్ళ బాగోగులు ఎల్‌ఫ్రీడా చూసింది, ఆ తర్వాతి ఓడలకీ తోడు వెళ్ళింది. బ్యూనస్ ఎయిరిస్ చేరాక పరాగ్వేలో అంతర్యుద్ధం మొదలైంది, కొన్నాళ్ళు గుడారాల్లో ఆగాల్సొచ్చింది. చివరికి అడవులు కొట్టి రెండు కాలనీలు వేసుకున్నారు. పురుషుల్లేని ఇళ్ళు ఎక్కువ కాబట్టి చెట్లు నరికింది, ఇటుకలు చేసింది చాలావరకూ ఆడవాళ్ళే. ఒక కాలనీకి నోయ్‌లాండ్ అని పేరు పెట్టారు, కొత్త నేల అని అర్థం. రెండోదానికి ఓడ పేరే పెట్టుకున్నారు. వోలెండాం ఇప్పటికీ ఉంది. దాని బళ్ళో పిల్లలకి పాఠాలు మొదట్నుంచీ జర్మన్‌లోనే చెప్పారు.